చూడని కోట అంచు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో రాజులు కట్టిన ఎర్రకోట ఉంది, మబ్బుల్లో దాగిన కొండనగరం ఉంది, పిరమిడ్ మెట్ల మీద పాములా దిగే నీడ ఉంది, ఒక మనిషి బతుకును అటో ఇటో తేల్చేయగల అబద్ధం ఉంది. పదకొండేళ్లు నేను వీటన్నిటి మధ్యా తిరిగాను.

తిరగలేదు. విజయవాడ బందరు రోడ్డు పక్క సందులో, కంటి ఆసుపత్రి పైన, లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో కూర్చుని స్పానిష్ పాఠాలు చెప్పాను. కోటలూ కొండలూ ప్రింటు కాగితాల్లో ఉండేవి. అబద్ధం మాత్రం నిజంగానే ఉంది. అది నాది.

వృత్తి అనుభవాలు అరవై దాటినవాళ్లు రాస్తారు. నాకు ముప్ఫై నాలుగు. కానీ మా ఇన్‌స్టిట్యూట్ మూతపడింది, ఊళ్లో స్పానిష్ నేర్పే పని ఇంకెక్కడా లేదు, కాబట్టి సాంకేతికంగా నేను రిటైరైనట్టే. ఇప్పుడు రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో స్పెయిన్‌కు ఉత్తరాలు రాస్తున్నాను. రొయ్యలు ప్రశ్నలు అడగవు. ఈ నాలుగు మాటలూ, ఇంకా ప్రశ్నలు అడిగేవాళ్ల ముందు నిలబడబోయే కుర్ర మాస్టర్ల కోసం.

అసలు ఉద్యోగం

భాష నేర్పడం ఈ ఉద్యోగంలో చిన్న భాగం. మూడో వారం తర్వాత కూడా పిల్లలు క్లాసుకు వచ్చేలా చూడటం పెద్ద భాగం. మొదటి వారం అందరికీ ఉత్సాహమే. రెండో వారం క్రియాపదాలు వస్తాయి. మూడో వారం సగం మందికి ఒంట్లో బాగుండదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో హైదరాబాదు కాల్ సెంటర్లలో ఉద్యోగం వస్తుందని ఆశపడే డిగ్రీ పిల్లలే ఎక్కువ. వాళ్లకు స్పెయిన్ మీద ప్రత్యేకమైన ప్రేమేం లేదు. జర్మన్ బ్యాచ్ నిండిపోయింది, అంతే.

నేను హైదరాబాదులో మూడేళ్లు చదివి ఈ భాష నేర్చుకున్నాను. స్పెయిన్‌కు అతి దగ్గరగా వెళ్లింది శంషాబాద్ విమానాశ్రయం దాకా. అదీ మా పిన్నిని దుబాయ్ విమానం ఎక్కించడానికి.

నవ్వితే చాలు

మా డైరెక్టరు కోటేశ్వరరావు గారు. చెడ్డ మనిషి కాదు. కరెంటు పోతే తనే జనరేటరు తాడు లాగేవారు. చేరిన రోజునే నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"స్పెయిన్ వెళ్లావా అని అడుగుతారయ్యా పిల్లలు."

"లేదని చెప్తానండి."

"చెప్పకు."

"వెళ్లానని అబద్ధం చెప్పమంటారా?"

"ఛఛ. అబద్ధం ఎందుకు? నవ్వు. అంతే. నవ్వితే అబద్ధం కాదు. వాళ్లకి కావాల్సింది వాళ్లే అనుకుంటారు."

నవ్వాను. ఐదేళ్లు నవ్వాను. నా తీర్పు అడిగితే, ఆ సలహా ఇచ్చిన ఆయన తప్పు పావలా వంతు, పాటించిన నా తప్పు ముప్పావలా. పై అధికారులు మనకు చిన్న తప్పులే నేర్పుతారు. వాటిని పెంచి పెద్దచేసేది మనమే.

శనివారం కాగితం

పిల్లల్ని నిలబెట్టుకోవడానికి నేను కనిపెట్టిన ఉపాయం శనివారం కాగితం. ఒకే ఒక్క పసుపు కాగితం. పై సగంలో స్పానిష్ మాట్లాడే దేశాల్లోని ఏదో ఒక ప్రసిద్ధ కట్టడం, బొమ్మతో సహా. కింద సగంలో మా క్లాసు వార్తలు. ఇంట్లోవాళ్లు కూడా చదువుతారని తెలుగులో రాసేవాణ్ని, మధ్యమధ్య స్పానిష్ మాటలు గుచ్చి. 'దివ్య మొదటి పరీక్ష పాసైంది. ఫ్యాను బాగుపడింది. మళ్లీ పాడైంది.' వార్తలంటే ఇలాంటివి.

మొదటి కాగితం సెగోవియా అనే ఊళ్లో రోమన్లు కట్టిన నీటికాలువ వంతెన మీద. రాళ్ల మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి, అంతే.

"సిమెంటు లేకుండానా సార్?" అన్నాడు జయంత్. వాళ్ల నాన్నగారిది టైల్స్, శానిటరీ సామాన్ల కొట్టు. సిమెంటు లేని ప్రపంచాన్ని ఊహించుకోవడం వాడికి కష్టం.

"లేకుండానే."

"మరి పడిపోలా?"

"రెండు వేల ఏళ్లుగా పడలేదు."

"మా అపార్టుమెంటుకి నాలుగేళ్లకే బీటలొచ్చినయ్ సార్. ఆ కాంట్రాక్టరు నంబరుంటే ఇప్పించండి."

క్లాసు నవ్వింది. మూడో వారం ఎవరికీ ఒంట్లో బాగుండకపోవడం జరగలేదు. కాగితం పనిచేసింది.

పనిచేసిన దానికి మనం ఇంకాస్త మసాలా వేస్తాం. అల్హంబ్రా వారం వచ్చేసరికి వేశాను. గ్రనడా అనే ఊళ్లో కొండమీద ఉన్న ఎర్ర రాజభవనం అది. గోడల నిండా నక్షత్రాలు అల్లుకున్నట్టు రంగురంగుల పలకలు. ఆ కాగితంలో ఒక వాక్యం రాశాను: 'మధ్యాహ్నం మూడింటికి ఎండ ఏటవాలుగా ఈ గోడ మీద పడుతున్నప్పుడు అక్కడ నిలబడి నేను మాట మరిచిపోయాను.'

రాయమని ఎవరూ అడగలేదు. నవ్వు చాలన్నారు కోటేశ్వరరావు గారు. దాన్ని వాక్యం చేసింది నేను.

బొమ్మ కోసం వెతికితే వందలు వచ్చాయి. వాటిలో అన్నిటికన్నా శుభ్రంగా ఉన్నది తీసుకున్నాను. శతాబ్దాల నాటి గోడ అంత శుభ్రంగా ఎందుకుంది అని అనుమానం రావాలి. రాలేదు. శనివారం పది నిమిషాల్లో క్లాసు ఉంది.

శ్రావణి వాళ్ల నాన్న

ఆ క్లాసులో శ్రావణి అనే అమ్మాయి ఉండేది. చల్లపల్లి పక్క ఊరు. విజయవాడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ సాయంత్రాలు స్పానిష్‌కు వచ్చేది. శనివారం సాయంత్రం ఇంటికి పోతూ పసుపు కాగితం పట్టుకెళ్లేది. వాళ్ల నాన్న నాగభూషణం గారు చేనేత పని చేసేవారు. కాగితాలన్నీ ఆయన చదివేవారని నాకు తర్వాత తెలిసింది.

అప్పటికి ఆయన మగ్గం వదిలేయాలని నిర్ణయించుకుని ఉన్నారు. ఇబ్రహీంపట్నంలో ఒక గోడౌనుకు వాచ్‌మన్ పని బావమరిది చూసిపెట్టాడు. మగ్గం మీదున్న పడుగు, అంటే నిలువుగా ఎక్కించిన నూలు, అయిపోగానే వెళ్లాలి. శ్రావణికి అది ఇష్టం లేదు. "ఇక్కడా కూర్చునే చేస్తాడు, అక్కడా కూర్చునే చేస్తాడు సార్," అంది ఒకసారి, "కానీ అక్కడ కూర్చుంటే మా నాన్న చచ్చిపోతాడు." ఆ మాట చెప్పి వెంటనే వ్యాకరణం డౌటు అడిగింది. ఈ కాలం పిల్లలు అంతే, గుండె పగిలే మాటకీ డౌటుకీ మధ్య ఊపిరి కూడా తీసుకోరు.

అల్హంబ్రా కాగితం వెళ్లిన వారం నుంచి ఆమె హుషారుగా ఉంది. నెలన్నర తర్వాత ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. మగ్గం మీద సగం నేసిన చీర. తెల్లటి నేత, ముదురు ఎరుపు అంచు, అంచు పొడుగునా అల్లుకున్న నక్షత్రాలు. నాగభూషణం గారు నా కాగితంలోని బొమ్మను గళ్ల కాగితం మీద గీసుకుని, మగ్గం పైన బిగించే జకార్డు పెట్టెకు అట్టలు కొట్టించారు. అట్టలంటే, మగ్గానికి ఏ పోగు లేపాలో చెప్పే చిల్లుల అట్టలు. ఒకసారి కొట్టించాక వెనక్కి తీసుకోవడానికి ఉండదు.

వాళ్ల ఊరి చేనేత సొసైటీ ప్రెసిడెంటు గారికి అది నచ్చింది. విజయవాడలో జరిగే చేనేత ప్రదర్శనలో పెడతామన్నారు. 'స్పెయిన్ రాజుల కోట అంచు' అని చీటీ కూడా అచ్చు వేయించారు. ఆర్డర్లు వస్తే నాగభూషణం గారు మగ్గం మీద ఉంటారు. రాకపోతే గోడౌను. అంత సూటిగా ఉంది విషయం.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. జయంత్ కొట్టలేదు. అందరూ వెళ్లాక మెల్లిగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, అందరి ముందూ అంటే బాగోదని ఆగాను."

"ఏంట్రా?"

బ్యాగులోంచి వాళ్ల కొట్టు కేటలాగు తీసి పేజీ తిప్పాడు. అదే నక్షత్రం. అదే రంగులు. మూల మీద అదే మెరుపు. పక్క పేజీలో వాష్‌బేసిన్.

"బాత్రూం టైల్ సార్. మా దగ్గర స్టాకుంది. కోట గోడ కాదు."

కథల్లో ఇలాంటి చోట ఉరుము ఉరుముతుంది. మా కింద కంటి ఆసుపత్రిలో టోకెన్ నంబరు పిలిచారు.

ఇంకోసారి నవ్వమన్నారు

ప్రదర్శనకు పది రోజులు ఉంది. కోటేశ్వరరావు గారికి చెప్పాను. ఆయన చాలాసేపు కేటలాగు చూశారు.

"ఎవరికి తెలుసు?"

"నాకు, జయంత్‌కి, ఇప్పుడు మీకు."

"అయితే నవ్వు. చెప్తే ఏమవుద్ది? ఆ మనిషి వాచ్‌మన్ అవుతాడు. చెప్పకపోతే? నేతగాడవుతాడు. ఏది పుణ్యం?"

ఈ ప్రశ్న మీకూ వస్తుంది. తెలివైనవాళ్లు మన అబద్ధానికి ఎదుటివాడి అన్నాన్ని అడ్డుపెడతారు. నేను ఒకటే ఆలోచించాను. ఆ టైలు ఈ ఊళ్లో స్టాకుంది. ప్రదర్శనకు వచ్చే ఎవరో ఒకరి బాత్రూంలో ఉంటుంది. అప్పుడు నవ్వేది నేను కాదు, ఊరు. నవ్వేది నన్ను చూసి కాదు, ఆయన్ని చూసి.

ఆదివారం బస్సెక్కాను. ఉయ్యూరు దాకా నిలబడ్డాను, పామర్రు దాకా నిలబడ్డాను. ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటున్నాను. కూచిపూడిలో గజ్జెల సంచులు పట్టుకున్న నలుగురు ఆడపిల్లలు దిగారు. గొప్ప రచయితైతే ఇక్కడ ఏదో గ్రహిస్తాడు. నాకు సీటు దొరికింది.

నాలుగు పోగులు

ముందు గదిలోనే గుంట మగ్గం. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నారు. సన్నటి మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. నన్ను చూసి లేవబోయారు.

"అయ్యయ్యో, మాస్టారా! రండి రండి. అమ్మాయ్, మాస్టారికి కుర్చీ వెయ్యి. మంచినీళ్లియ్యి."

శ్రావణి మంచినీళ్లు తెచ్చి నా ముఖం చూసింది. ఏదో అర్థమైంది. గ్లాసు ఇచ్చి అక్కడే నిలబడింది.

బస్సులో కూర్చిన వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నాగభూషణం గారూ, ఆ బొమ్మ కోటది కాదండీ," అన్నాను.

"మరి?"

"బాత్రూం టైలు."

అటూ ఇటూ దారం మోసే నాడె ఆయన చేతిలో ఆగింది. 

"ఎవరి బాత్రూమండీ?"

"ఎవరిదీ కాదండీ. కేటలాగులోది. నేనే చూసుకోకుండా పెట్టాను. తప్పు నాది."

ఆయన కళ్లద్దాలు తీసి లుంగీ చెంగుతో తుడిచారు. తిరిగి పెట్టుకుని అంచు మీద వేలు పెట్టారు.

"అందుకా కుదర్లేదు. ఇదిగో, ఈ మూల చూడండి. మీ బొమ్మలో నక్షత్రం చివర ఇక్కడ కలవదు. టైలుకైతే సందులో సిమెంటు పూసి కప్పేస్తారు. నేతలో ఏం పెట్టి కప్పుతాం? నాలుగు పోగులు పక్కకి జరిపి కలిపాను." ఆగారు. "రెండ్రోజులు నిద్ర పట్టలేదండీ నాకు. ఎక్కడో మహానుభావులు కట్టారు, రాజులు మెచ్చారు, మాస్టారు వెళ్లి నిలబడి మాట మరిచిపోయారు. దాన్ని దిద్దటానికి నేనెవణ్ని అని."

ఆ రెండు రోజులు ఆయన ఒక స్నానాల గది ముందు తల వంచుకుని ఉన్నారు. దాని మీద ఏ జోకూ వేయలేను. ప్రయత్నించాను, ఇన్నేళ్లుగా.

"పోన్లెండి," అన్నారాయన. "పొరపాటు ఎవరికైనా జరుగుద్ది. ఇంతకీ అసలు గోడ మీరు చూసినప్పుడు ఎట్లా ఉంది? ఆ మూలలు కలుస్తయ్యా?"

అక్కడ నవ్వొచ్చు. కోటేశ్వరరావు గారు నేర్పిన నవ్వు నా దగ్గర సిద్ధంగానే ఉంది.

"నేను వెళ్లలేదండీ. స్పెయిన్ ఎప్పుడూ వెళ్లలేదు."

"మరి మధ్యాహ్నం ఎండ గోడ మీద పడ్డం...?"

"ఊహించి రాశాను."

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు. మేస్త్రీ తనను మోసం చేసిన రాయిని చూసినట్టు చూశారు.

"బాగా రాశారు," అన్నారు.

నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరి తిట్టూ ఆ రెండు మాటలంత దూరం నా వెంట రాలేదు.

తిట్టింది శ్రావణి. "మా మాస్టారు కళ్లారా చూశారని సొసైటీలో అందరికీ చెప్పాడు సార్ మా నాన్న. చెప్పమన్నది నేను. టైలు సంగతి నాకు బాధలేదు. అది చూసుకోలేదు మీరు. ఇది చూసుకునే రాశారు కదా?" అని లోపలికి వెళ్లిపోయింది.

నాగభూషణం గారు ప్రెసిడెంటుకు ఫోన్ చేశారు. స్పీకరు ఆన్‌లోనే ఉంది.

"చీటీ మార్చాలండీ. అది కోట కాదంట."

"ఏవయ్యా భూషణం, ఇప్పుడా చెప్పేది? కోట అంటే జనం ఆగుతారు. భూషణం గీసిన చుక్కలంటే ఎవడాగుతాడు?"

"ఆగకపోతే ఆగరు."

"నీకేమన్నా పిచ్చా? గోడౌనుకు పోతావా?"

"రేపు ఎవరో కొనుక్కుని ఇంటికెళ్లి కట్టుకుంటారు. స్నానానికి వెళ్లినప్పుడు గోడ చూసుకుంటారు. అప్పుడు నేను గోడౌనుకు కూడా తలెత్తుకుని పోలేను. మార్చండి."

అవతల ఫోన్ పెట్టేశారు. ఈయన మళ్లీ నాడె విసిరి నేత మొదలుపెట్టారు. నన్ను భోజనం చేసి వెళ్లమన్నారు. చేశాను. తినబుద్ధి కాలేదు అని రాయాలి, కానీ దోసకాయ పప్పు బాగుంది.

క్లాసులో

సోమవారం క్లాసులో నిలబడి చెప్పాను. స్పెయిన్ వెళ్లలేదు, పిరమిడ్ ఉన్న మెక్సికో వెళ్లలేదు, కొండనగరం ఉన్న పెరూ అసలే వెళ్లలేదు.

"శంషాబాద్ అన్నా వెళ్లారా సార్?" అన్నాడు జయంత్.

"వెళ్లాను."

"కళ్లారా?"

"కళ్లారా."

ఇద్దరు మానేశారు. వాళ్లలో ఒకడు నేను చెప్పకముందే మానేద్దామనుకుంటున్నాడట. కోటేశ్వరరావు గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం నుంచి ప్రతి పసుపు కాగితం మొదటి పంక్తి ఒకటే: 'నేను ఇది చూడలేదు. చదివింది చెబుతున్నాను.' విచిత్రం ఏమిటంటే పిల్లలు ఎక్కువ చదివారు. తప్పు దొరుకుతుందేమోనని. దొరికేవి కూడా.

మీరు చూడని చోటు గురించి చెప్పడం తప్పు కాదు. మాస్టర్ల పనిలో ముప్పావు వంతు అదే. అక్కడ నిలబడ్డట్టు చెప్పడమే తప్పు. ఎందుకంటే మనం చూశామన్న మాట మీద ఎదుటివాడు తన చెయ్యి అణచుకుంటాడు. తన పనే మేలైనదని తెలిసినా నమ్మడు.

శ్రావణి మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. క్షమించానని చెప్పలేదు. హోంవర్కు ఇచ్చింది. అందులో రెండు తప్పులున్నాయి. దిద్దాను.

ప్రదర్శన

ఆమె రాని ఆ వారాల్లోనే ప్రదర్శన జరిగింది. కొత్త చీటీ మీద 'నక్షత్రాల అంచు, నేత: నాగభూషణం' అని ఉంది. చేత్తో రాశారు. అచ్చు వేయించడానికి ప్రెసిడెంటు గారు ఒప్పుకోలేదు.

మొదటి రోజు ఎవరూ ఆగలేదు. నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. ఆయన బల్ల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. పక్క బల్ల మీద నెమళ్ల చీరల దగ్గర రద్దీ. సాయంత్రం బావమరిది ఫోన్. గోడౌనువాళ్లు రెండు రోజులు ఆగుతారట.

రెండో రోజు జయంత్ వాళ్ల నాన్న వచ్చారు, భార్యను వెంటబెట్టుకుని. ఆవిడ చీర పట్టుకుని, "అచ్చం మన టైలేనండీ," అంది. ఆయన మూల మీద వేలు పెట్టి చూసి, "కాదు. మనది ఇక్కడ కలవదు," అన్నారు. మెచ్చుకుని వెళ్లిపోయారు. కొనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గవర్నర్‌పేటలో చీరల కొట్టున్న ఒక పెద్దావిడ వచ్చింది. చీటీ చదవలేదు. అంచు పట్టుకుని, చీర తిరగేసి వెనక నేత చూసింది. మళ్లీ తిప్పి ఆ మూల చూసింది. ఒక నక్షత్రం, ఇంకో నక్షత్రం, ఆ పక్కది. అన్నిటి మూలలూ చూసింది.

"ఈ మూలలు కలిపిందెవరు?"

"నేనేనండీ."

"బొమ్మలో ఇట్లాగే ఉందా?"

"లేదండీ. బొమ్మలో కలవదు. నేను నాలుగు పోగులు జరిపాను."

ఆవిడ తల ఊపింది. "ఒక పడుగు మొత్తం ఇదే నెయ్యండి. రంగులు నేను చెప్తాను," అంది.

నాగభూషణం గారు అప్పుడే నా వైపు చూశారు. స్తంభం పక్కన ఉన్నానని ఆయనకు మూడు రోజులూ తెలుసు. ఫోన్ తీసి బావమరిదికి చేశారు.

"ఈ పడుగయ్యాక చూద్దాం లేరా."

ఆ మాట అని ఆరేళ్లయింది. పడుగు చివర పడుగు అతుకుతూనే ఉన్నారు. బావమరిది ఫోన్ చేయడం మానేశాడు. ఆ అంచు ఇప్పుడు నాలుగు రంగుల్లో దొరుకుతుంది. ఎరుపు తీసుకునేవాళ్లు మొదటి రెండుసార్లూ ఉప్పు వేసిన చన్నీళ్లలో, విడిగా ఉతుక్కోవాలి. రంగు దిగుతుంది.